స్ముర్న సంఘకాపరి పోలికార్పు

ధ్యాన భాగము: ప్రకటన గ్రంథము 2:8–11



గడచిన వర్షాకాలములో మా పాస్టరేటులోని ఒక గ్రామమున యౌవనస్థుడైన ఒక రైతు అప్పుల బాధ తాళలేక తన ప్రాణమును తానే తీసికొనెను. సమాధుల తోటలో ప్రార్థన ముగిసి జనులు వెళ్లిపోవుచుండగా, యౌవన సమాజములోని ఒక అబ్బాయి మా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న అడిగెను. మన ప్రభువు తన ప్రాణమును తానే పెట్టెను గదా, హతసాక్షులు మృగముల యెదుటికి తామే నడచిపోయిరి గదా, వారిని గూర్చి పాటలు పాడుకొను మనము ఇతని విషయములో ఎందుకు తల వంచుకొనుచున్నాము అని అతని ప్రశ్న. ఆ దినమున మాకు సరియైన జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి, వేదపాఠశాలలో చదువుకొన్న సంఘచరిత్రను మరల తెరచితిమి. అందులో పోలికార్పు అను వృద్ధ కాపరి చరిత్ర ఆ అబ్బాయి ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా నున్నట్లు మాకు కనబడెను. ఈ నెల దానినే చెప్పుచున్నాము.

పోలికార్పు ఆసియలోని స్ముర్న సంఘమునకు అధ్యక్షుడు. ఆ పట్టణము నేడు తుర్కీ దేశములో ఇజ్మీర్ అను పేరుతో సముద్రతీరమున నున్నది. ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములలో స్ముర్న ఒకటి. రాబోవు శ్రమను గూర్చి ప్రభువు ఆ సంఘమును ముందుగానే హెచ్చరించెను. పోలికార్పు అపొస్తలుడైన యోహాను నోట విని నేర్చుకొనినవాడని, బాల్యములో ఆయన బోధ విన్న ఇరేనియసు తరువాతి కాలమున సాక్ష్యమిచ్చెను. అంతియొకయ అధ్యక్షుడైన ఇగ్నాతియు సంకెళ్లతో రోమాకు కొనిపోబడుచు స్ముర్నలో కొన్నాళ్లు ఆగెను. తరువాత త్రోయనుండి పోలికార్పునకు ఒక పత్రిక వ్రాసెను.

పోలికార్పు తాను వ్రాసిన పత్రికలలో ఫిలిప్పీ సంఘమునకు వ్రాసినది నేటికిని నిలిచియున్నది. ఆ సంఘములో వాలెన్సు అను పెద్ద ధనాపేక్షలో పడిపోయెను. పోలికార్పు దుఃఖపడెనే గాని అతనిని వెలివేయుడని వ్రాయలేదు. శత్రువుగా ఎంచక, దారి తప్పిన అవయవమును వెదకి తెచ్చుకొనునట్లు తెచ్చుకొనుడని బ్రతిమాలెను. చందాల లెక్కలు చూచు మన సంఘపెద్దలు ఆ పత్రికను ఒకసారి చదివిన మేలు. ముసలితనములో ఆయన రోమాకు ప్రయాణమై, పునరుత్థాన పండుగ దినమును గూర్చి అచ్చటి అధ్యక్షుడైన అనికేతుతో మాటలాడెను. ఒకరినొకరు ఒప్పించుకొనలేకపోయిరి. అయినను అనికేతు తన సంఘములో ప్రభువు బల్లను నడిపించు మర్యాదను ఆయనకే ఇచ్చెను, ఇద్దరును సమాధానముతో విడిపోయిరి.

క్రీ.శ. 155 ప్రాంతమున స్ముర్నలో హింస రేగెను. జరిగినదంతయు ఆ సంఘస్థులు ఫిలొమేలియ సంఘమునకు ఒక లేఖలో వ్రాసి పంపిరి. జెర్మానికు అను యౌవనుని చూచి అధిపతి, తన వయస్సును తలంచుకొని జాలిపడుమని అతని బ్రతిమాలెను. అతడు వినక మృగమును తన మీదికి తానే లాగుకొనెనట. ఇది చదివినప్పుడు మేమును తడబడితిమి. అయితే అప్పటికే అతడు మృగముల ముందర నిలువబెట్టబడినవాడు. బ్రదుకుటకు మిగిలిన దారి క్రీస్తును విడుచుట ఒక్కటే.

క్వింతు అనువాని సంగతి వేరు. అతడు ఫ్రుగియనుండి క్రొత్తగా వచ్చినవాడు. ఎవరును పట్టుకొనకమునుపే తానై ముందుకు పోయెను, మరికొందరినికూడ తొందరపెట్టి తీసికొనిపోయెను. మృగములను కన్నులార చూడగానే అతని గుండె జారిపోయెను. అధిపతి నచ్చజెప్పి నచ్చజెప్పి అతనిచేత ప్రమాణము చేయించి, విగ్రహములకు అర్పణ చేయించెను. స్ముర్న సంఘస్థులు ఈ సిగ్గుకరమైన సంగతిని దాచలేదు. తమంతట తాము మరణమునకు ఎదురుపోవువారిని మెచ్చుకొనుట తమకు తగదనియు, సువార్తలో అట్టి ఉపదేశము లేదనియు నిర్మొగమాటముగా వ్రాసిరి. హింస వచ్చిన చోటు విడిచి వేరొక ఊరికి వెళ్లుటకు ప్రభువే శిష్యులకు సెలవిచ్చిన మాట మత్తయి 10వ అధ్యాయములో నున్నది గదా! హతసాక్షులను మనకంటె ఎక్కువగా గౌరవించిన ఆ సంఘమే 1800 ఏండ్లకు పూర్వము ఈ భేదమును గుర్తించినది.

ఇప్పుడు పోలికార్పును చూడుడి. జనసమూహము ఆయనను వెదకి తెమ్మని కేకలు వేయగా, ఆయన కలవరపడక పట్టణములోనే ఉండగోరెను. సంఘస్థులు బ్రతిమాలగా వారి మాట విని, దగ్గరలోని ఒక చిన్న పొలమునొద్దనున్న ఇంటికి వెళ్లెను. అక్కడ రాత్రింబగళ్లు సంఘములన్నిటి కొరకు ప్రార్థించుచుండెను. తన తలగడ మంటలో కాలిపోవుచున్నట్లు ఆయనకు దర్శనము కలిగెను. తాను అగ్నిచేతనే చనిపోవుదునని ఆయన గ్రహించెను. గ్రహించియు, వెదకువారు సమీపించినప్పుడు రెండవ పొలమునకు వెళ్లెను. రెండుసార్లు తప్పించుకొనిన ఈ ముసలివానిని పిరికివాడని ఆ సంఘములో ఎవరును అనలేదు.

ఆయన దొరకకపోగా భటులు ఇద్దరు దాసులైన పిల్లలను పట్టుకొని, ఒకనిని హింసపెట్టి చోటు చెప్పించిరి. శుక్రవారము రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఆయుధములతో వచ్చి, మేడగదిలో ఆయనను కనుగొనిరి. అప్పుడును మరియొక చోటికి పోవుటకు వీలుండెను. ఆయన పోలేదు. దేవుని చిత్తమే జరుగనిమ్మని ఊరకుండెను. తన్ను దాచుటకై ఇతరులు దెబ్బలు తినుట ఆయన ఇక ఓర్వలేకపోయెనేమో అని మాకు తోచుచున్నది. క్రిందికి దిగివచ్చి, తన్ను పట్టుకొన వచ్చినవారికి కావలసినంత భోజనము పెట్టుడని ఇంటివారికి చెప్పెను. ప్రార్థనకు ఒక గంట గడువడిగి, రెండు గంటలసేపు నిలువబడి ప్రార్థించెను. తన జీవితములో ఎరిగినవారినందరిని, చిన్నలను పెద్దలను, జ్ఞాపకము చేసికొనెను. ఇట్టివాని మీదికా మేము వచ్చితిమని కొందరు భటులు నొచ్చుకొనిరి.

మరునాడు గాడిద మీద ఆయనను పట్టణమునకు తెచ్చిరి. రక్షకభటుల అధికారి తన బండిలో ఎక్కించుకొనెను. అతని పేరు హేరోదు. సువార్తలలోని హేరోదు కాడు, వేరొకడు. కైసరే ప్రభువని ఒక్క మాట అన్న నష్టమేమని అతడు నచ్చజెప్పెను. ఆయన ఒప్పుకొనకపోగా బండిలోనుండి త్రోసివేయగా మోకాలి క్రింద చర్మము దోగిపోయెను. ఏమియు జరుగనట్లు ఆయన నడచిపోయెను. క్రీడాస్థలములో అధిపతి ఆయన ముసలితనమును చూచి, క్రీస్తును దూషించి విడుదల పొందుమనెను. 86 ఏండ్లుగా తాను కొలిచిన రాజు తనకు కీడేమియు చేయకుండగా ఆయనను దూషించుట తనవలన కాదని పోలికార్పు ఉత్తరమిచ్చెను. మృగములన్నను అగ్నియన్నను ఆ జవాబు మారలేదు. జనులు పరుగెత్తి కట్టెలు పోగుచేసిరి. మేకులు కొట్టబోగా, అవి లేకయే నిలుతునని చెప్పెను. త్రాళ్లతో మాత్రమే కట్టిరి. మంట తెరచాపవలె ఆయన చుట్టును నిలువగా, తుదకు కత్తితో పొడిచి చంపిరి.

ఆ అబ్బాయి ప్రశ్నకు వత్తము. ఏ షరతు లేకుండ అధిపతి ఆ మధ్యాహ్నమే పోలికార్పును విడిచిపెట్టినయెడల ఆయన ఏమి చేసియుండును? ఇంటికి వెళ్లి, భోజనముచేసి, ఆదివారపు ఆరాధనను సంతోషముగా నడిపియుండును. ఆయన వెదకినది మరణము కాదు, విడువనిది క్రీస్తును. మరణమును తెచ్చినవారు ఇతరులు. మన ప్రభువును అట్లే గదా. దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను చెప్పగా దుమకలేదు. నజరేతువారు కొండమీదినుండి పడద్రోయ చూడగా వారి మధ్యనుండి దాటిపోయెను. గెత్సేమనేలో ఆ గిన్నె తొలగిపోవలెనని ప్రార్థించెను. మనలను రక్షించుటకు వేరే దారి లేనప్పుడే సిలువను ఎత్తుకొనెను.

మరి మా గ్రామపు రైతు? అతడు చేసినది సరియని మేము చెప్పజాలము. ప్రాణము దేవునిది, అది మన చేతికి అప్పగింపబడినది గాని మన సొత్తు కాదు. అయితే అతడు క్వింతువంటివాడును కాడు. ఘనతకొరకు మరణమును వెదకలేదు, అలసిపోయెను. బదరీవృక్షము క్రింద ఏలీయా తన ప్రాణము తీసికొనుమని వేడుకొన్నప్పుడు దేవుడు అతని గద్దింపలేదు, అతడు అడిగినదియు ఇయ్యలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె కాల్పించి పెట్టి, నీళ్లిచ్చెను. పోలికార్పు పత్రిక వ్రాసిన ఆ ఫిలిప్పీలోనే, అంతకు ఎన్నో ఏండ్ల పూర్వము, చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. పౌలు చీకటిలోనుండి బిగ్గరగా కేకవేసి అతని ఆపెను. ఆ రాత్రియే అతని ఇంటివారందరు బాప్తిస్మము పొందిరి. మా సహోదరునికి అట్టి కేక వినబడలేదు. అతడు చనిపోవుటకు రెండు వారముల ముందు ఆరాధనలో వెనుక చాపమీద తల వంచుకొని కూర్చుండుట మేము చూచితిమి. వందనములు చెప్పి, సంతకు ఆలస్యమగునని సైకిలెక్కి వెళ్లిపోతిమి.

అతని సమాధి కార్యమునకు గంట కొట్టవలెనా అని కొందరు పెద్దలు సందేహించిరి. కొట్టించితిమి. అతని తీర్పు ప్రభువు చేతిలో నున్నది. అతని తల్లి మన చేతిలో నున్నది. మీలో ఎవరికైనను అట్టి తలంపు వచ్చినయెడల, నడిరాత్రియైనను మీ కాపరి ఇంటి తలుపు తట్టుడి. లేదా ప్రక్క ఇంటివారినైనను లేపుడి. ప్రశ్న అడిగిన ఆ అబ్బాయి ఇప్పుడు శుక్రవారము సాయంకాలములందు మాతో కూడ ఇండ్లకు వచ్చుచున్నాడు. మొదట ఆ తల్లి ఇంటికి వెళ్లి, తరువాత తక్కిన వీధులు తిరుగుచున్నాము.