మద్రాసు నగరపాలికను ఏలిన తెలుగు శ్రేష్ఠి పిట్టి త్యాగరాయ చెట్టి

బోనకల్: కాజీపేట నుంచి ఖమ్మం, బోనకల్, మధిర మీదుగా బెజవాడకు, అక్కడి నుంచి మద్రాసుకు సాగే రైలు మార్గం ఈ ప్రాంత ప్రజలకు చిరపరిచితం. ఆ మహానగరంలో దిగిన తెలుగువారు తప్పక దర్శించే పేట టీ నగర్. తెలుగు చలనచిత్ర రంగానికి దశాబ్దాల పాటు ఆలవాలమైన ఆ పేట పూర్తి పేరు త్యాగరాయనగర్. సంగీత విద్వాంసుడు త్యాగరాజస్వామి పేరిట అది వెలసిందని భావించేవారు నేటికీ ఉన్నారు. వాస్తవానికి ఆ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది. మగ్గాల సంపదతో ఎదిగి, నాలుగు దశాబ్దాలు మద్రాసు నగర రాజకీయాలను శాసించి, పొగడ్తలను, నిందలను సమానంగా మూటగట్టుకున్న తెలుగు వర్తకుడాయన.

ఆయన కాలంలో బోనకల్ నిజాం రాజ్యంలో ఉండగా, నేడు పొరుగు జిల్లాలో ఉన్న భద్రాచలం తాలూకా మద్రాసు ప్రభుత్వ ఏలుబడిలో ఉండేది. ఒకే భాష మాట్లాడే జనం రెండు పాలనల కింద జీవించిన ఆ రోజుల్లో భద్రాద్రి మన్యానికి రాజధాని మద్రాసే. అక్కడి నిర్ణయాలు గోదావరి తీరం దాకా వర్తించేవి. ఆ నిర్ణయాల వెనుక నిలిచిన ముఖ్యుల్లో త్యాగరాయ చెట్టి ఒకరు.

మగ్గం నుంచి మండలికి

1852 ఏప్రిల్ 27న తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో త్యాగరాయ చెట్టి జన్మించారు. నేతవృత్తే ఆ ఇంటి సంపదకు మూలం. సుమారు వంద మగ్గాలు ఆ కుటుంబానికి ఉండేవి. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రుడైన త్యాగరాయ చెట్టి కులవృత్తిని విడువలేదు. చేతితో నాడెను విసిరే పాత మగ్గాల స్థానంలో తాడు లాగితే నాడె పరుగెత్తే కొత్త రకం మగ్గాలను తన నేతశాలలో ప్రవేశపెట్టారు. ఐరోపా కంపెనీల ఆధిపత్యం నడుమ దేశీయ వర్తకులకు ఒక వేదిక కావాలన్న సంకల్పంతో 1909లో ఏర్పడిన దక్షిణ భారత వాణిజ్య మండలి స్థాపకుల్లో ఆయన ఒకరై, అనేక సంవత్సరాలు దానికి అధ్యక్షత వహించారు. తెల్లని దుస్తులే ధరించే ఆయనను తమిళులు తెల్లని దుస్తుల ప్రభువన్న అర్థంలో వెళ్లుడై వేందర్ అని పిలిచేవారు.

1882లో మద్రాసు కార్పొరేషన్‌లో ప్రవేశించిన ఆయన దాదాపు నలభై ఏళ్లు సభ్యునిగా కొనసాగారు. అప్పటి దాకా కార్పొరేషన్ అధ్యక్ష పీఠంపై ప్రభుత్వం నియమించిన అధికారులే కూర్చునేవారు. 1919 నాటి నగరపాలక చట్టం ఆ పద్ధతికి స్వస్తి పలికింది. సభ్యులు ఎన్నుకొన్న తొలి అనధికార అధ్యక్షునిగా త్యాగరాయ చెట్టి 1920లో బాధ్యతలు చేపట్టారు.

కాంగ్రెసు నుంచి జస్టిస్ పార్టీకి

1916 దాకా ఆయన కాంగ్రెసువాదే. ఆ ఏడాది జరిగిన శాసనమండలి ఎన్నికలు ఆయన మార్గాన్ని మలుపు తిప్పాయి. త్యాగరాయ చెట్టితో పాటు డాక్టర్ టి.ఎం.నాయర్, కూర్మా వెంకటరెడ్డినాయుడు ఓటమి పాలయ్యారు. సంపద, విద్య ఉన్నప్పటికీ బ్రాహ్మణేతరులకు ప్రాతినిధ్యం దక్కడం లేదన్న అసంతృప్తి వారిలో బలపడింది. కార్పొరేషన్ సభలో చెట్టి, నాయర్ చిరకాల ప్రత్యర్థులు. ఆ ఇద్దరినీ డాక్టర్ సి.నటేశ మొదలియార్ ఒక్క తాటిపైకి తెచ్చారు.

1916 నవంబరు 20న జరిగిన సమావేశం దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యకు అంకురార్పణ చేసింది. మరుసటి నెలలో త్యాగరాయ చెట్టి పేరిట బ్రాహ్మణేతర ప్రకటన వెలువడింది. ప్రభుత్వోద్యోగాల్లో, విద్యాసంస్థల పాలక మండళ్లలో ఒకే వర్గం ఆధిక్యాన్ని అది ఎత్తిచూపింది. 1917లో వెలసిన జస్టిస్ ఆంగ్ల పత్రిక పేరే పార్టీకి స్థిరపడింది. తమిళంలో ద్రావిడన్, తెలుగులో ఆంధ్రప్రకాశిక పత్రికలు పార్టీ వాణిని వినిపించాయి.

ఈ ప్రకటన పెనుదుమారం రేపింది. స్వరాజ్య ఉద్యమం ఊపందుకుంటున్న వేళ ఆంగ్లేయుల అండ కోరడం దేశద్రోహమని జాతీయవాదులు దుయ్యబట్టారు. జమీందారులు, వర్తకులు తమ ప్రయోజనాల కోసం పెట్టుకున్న పార్టీ అని ఎద్దేవా చేశారు. అధికారం చేతులు మారే ముందే అందరికీ వాటా నిర్ణయం కావాలన్నది చెట్టి వర్గీయుల సమాధానం.

పదవి వద్దన్నా పట్టు వీడలేదు

1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించింది. 98 స్థానాల్లో 63 జస్టిస్ పార్టీ గెలుచుకొంది. మంత్రివర్గం ఏర్పాటు చేయాలని గవర్నరు విల్లింగ్డన్ ఆహ్వానించగా త్యాగరాయ చెట్టి సున్నితంగా నిరాకరించారు. ఆయన సూచనపై ఎ.సుబ్బరాయలు రెడ్డియార్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కొద్ది నెలలకే అనారోగ్యంతో ఆయన వైదొలగగా పానగల్ రాజా రామరాయణింగారు ఆ స్థానంలోకి వచ్చారు. పదవి స్వీకరించకపోయినా పార్టీ పగ్గాలు మాత్రం చెట్టి చేతిలోనే ఉండేవి.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. తొలి ముగ్గురు మంత్రులూ తెలుగువారే కావడంతో తమిళ సభ్యుల్లో అసంతృప్తి రగిలింది. 1921లో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల సమ్మె కులాల మధ్య ఘర్షణగా మారినప్పుడు జస్టిస్ పార్టీ తమ పక్షాన నిలవలేదని ఆది ద్రావిడులు కలత చెందారు. వారి నాయకుడు ఎం.సి.రాజా 1923లో పార్టీకి దూరమయ్యారు. సమాన వాటా కోరిన పార్టీ అట్టడుగు వర్గాలకు అదే వాటా ఇవ్వలేకపోయిందన్న విమర్శ నేటికీ చరిత్రకారుల చర్చల్లో నిలిచి ఉంది.

ఏకఛత్రాధిపత్యం సాగిస్తున్నారంటూ కట్టమంచి రామలింగారెడ్డి తదితరులు 1923లో చెట్టి నాయకత్వంపై తిరుగుబాటు చేశారు. ఆ ఏడాది నవంబరులో మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. అది వీగిపోయినా పార్టీలో చీలిక మానలేదు.

అణా ఖర్చుతో పూట ఫలహారం

వివాదాలకు అతీతంగా నిలిచిన కార్యం ఒకటుంది. పేదపిల్లలు ఆకలితో బడి మానేస్తున్నారని గుర్తించిన కార్పొరేషన్ 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన పాఠశాలలో మధ్యాహ్న ఫలహారం అందించాలని తీర్మానించింది. విద్యార్థికి రోజుకు అణాకు మించకుండా ఖర్చు చేయాలన్నది నిబంధన. తర్వాత మరో నాలుగు బడులకు దీన్ని విస్తరించారు. ఆ అయిదు బడుల్లో 1922-23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671కు పెరిగింది. అయినా ప్రాథమిక విద్యానిధిని ఇందుకు వినియోగించరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925 ఏప్రిల్‌లో ఆ పథకం ఆగింది. అదే నెల 28న త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. ఆయన వయసు 73 సంవత్సరాలు.

ఆనాటి ఆలోచన అంతటితో సమసిపోలేదు. 1950వ దశకంలో కామరాజ్ ప్రభుత్వం తమిళ దేశమంతటా బడిలో భోజనం పెట్టింది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో వండిన భోజనం మొదలైంది. ఖమ్మం, భద్రాద్రి పల్లెల్లో పిల్లలు నేడు మధ్యాహ్నం తినే బువ్వకు పూర్వరూపం, నూరేళ్ల క్రితం ఒక నగరపాలిక పెట్టిన అణా ఫలహారమే.

వారసత్వం

చెట్టి సారథ్యంలోని పార్టీ పాలనలోనే 1921లో ఉద్యోగాల్లో వర్గాలవారీ ప్రాతినిధ్యానికి ఉత్తర్వులు వెలువడ్డాయి. అదే ఏడాది స్త్రీలకు ఓటు హక్కు కల్పిస్తూ శాసనమండలి తీర్మానించింది. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడింది. ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడు ఒకనాడు ఆయనపై తిరుగుబాటు చేసిన కట్టమంచి కావడం విశేషం.

మద్రాసులో రిప్పన్ భవనం ఎదుట త్యాగరాయ చెట్టి విగ్రహం ఉంది. చాకలిపేటలో ఆయన పేరిట కళాశాల నడుస్తోంది. ఆయనను సామాజిక న్యాయానికి ఆద్యుడని కొనియాడేవారు, సంపన్న వర్గ ప్రతినిధి అని విమర్శించేవారు నేటికీ ఉన్నారు. సొంత వర్గాల వాటా కోసం నిలబడిన మనిషి ఆయనే, తనకన్నా దిగువన ఉన్నవారి వాటా విషయంలో తడబడిన పార్టీకి నాయకుడూ ఆయనే. ఆ రెండింటినీ కలిపి చూసినప్పుడే త్యాగరాయ చెట్టి జీవితం సంపూర్ణంగా అర్థమవుతుంది.