విలియం హోగార్తు

విలియం హోగార్తు 1697వ సంవత్సరము నవంబరు 10వ తేదీన లండను నగరమున జన్మించెను. అతని తండ్రి రిచర్డు లాటిను పండితుడు, బడిపంతులు. పాండిత్యము మెండు, ఆదాయము స్వల్పము. ఆయన ఎంతయో శ్రమించి ఒక లాటిను నిఘంటువును సిద్ధపరచెను. పుస్తక విక్రేతలు ఆశలు చూపిరే గాని దానిని అచ్చొత్తించలేదు. బ్రతుకుతెరువునకై ఆయన ఒక కాఫీ హోటలును తెరచి, అచట లాటినులోనే సంభాషింపవలెనని నియమము పెట్టెను. అట్టి హోటలు ఎన్నాళ్లు సాగును? తుదకు అప్పులు తీర్చలేక చెరసాల పాలయ్యెను. తండ్రి శ్రమఫలము తండ్రికి దక్కలేదను బాధ విలియం హృదయమున జీవితాంతము నిలిచియుండెను.

విలియం వెండి సామానులపై నగిషీ చెక్కు ఒక పనివాని కడ శిష్యుడుగా చేరెను. పిదప స్వతంత్రుడై రాగి రేకులపై చిత్రములు చెక్కసాగెను. నునుపైన రాగి రేకుమీద సన్నని ఉక్కు పనిముట్టుతో చిత్రమును కుడియెడమలు మారునట్లు గీతలుగా చెక్కుదురు. ఆ గీతలలో సిరా నింపి, పైసిరా తుడిచివేసి, తడికాగితము పరచి యంత్రమున నొక్కుదురు. ఒక్క రేకునుండి వందలకొలది అచ్చుపటములు తీయవచ్చును. వర్ణచిత్రమును ధనికుడొక్కడే కొనగలడు. అచ్చుపటమును సామాన్యుడును కొనగలడు.

1724లో హోగార్తు నగరవాసుల వినోదపు వెర్రిని పరిహసించుచు ఒక పటమును ప్రకటించి, షిల్లింగున కొకటి చొప్పున అమ్మకమునకు పెట్టెను. జనులు మెచ్చిరి. కాని కొలదిదినములలోనే దాని నకళ్లు అంగళ్లలో సగము వెలకు దొరకసాగెను. దుకాణదారులు అసలు ప్రతులను అతనికే తిప్పి పంపిరి. అడుగుదమన్న చట్టము లేదు. 1710లో అమలునకు వచ్చిన శాసనము గ్రంథకర్తలకు గ్రంథస్వామ్యము నొసగెను గాని, చిత్రకారుల మాట ఎత్తలేదు.

అతడు 1729లో జేన్ అను యువతిని వివాహమాడెను. ఆమె ప్రసిద్ధ చిత్రకారుడగు సర్ జేమ్స్ థారన్‌హిల్ కుమార్తె. కొంతకాలమునకు హోగార్తునకు ఒక నూతనమైన ఊహ తోచెను. నాటకమందు అంకములవలె చిత్రముల వరుసతో కథ చెప్పుటయే అది. పల్లెనుండి లండనుకు వచ్చి దుష్టుల చేజిక్కి నశించిన ఒక యువతి కథను ఆరు చిత్రములలో చూపెను. దుకాణదారులను నమ్మక, ముందుగా చందాలు పోగుచేసి, 1732లో పటములను తానే అమ్మెను. ఆరింటికి వెల ఒక గినీ, అనగా 21 షిల్లింగులు. ఇంచుమించు 1,200 మంది చందాదారులైరి. వెనువెంటనే నకళ్లును వెల్లువయ్యెను.

ఈసారి హోగార్తు ఊరకుండలేదు. తోడి కళాకారులను కూడగట్టి పార్లమెంటునకు విన్నపము చేసెను. 1735లో చట్టము వెలువడెను. తాను కల్పించి చెక్కిన పటముపై కళాకారునకు 14 సంవత్సరముల స్వామ్యము కలిగెను. పటముపై అతని పేరును, ప్రకటించిన తేదీయు ఉండవలెను. నకలు చేసినవాడు దొరికిన ప్రతికి అయిదేసి షిల్లింగులు చెల్లింపవలెను. దీనికి ప్రజలలో హోగార్తు చట్టమను పేరు వచ్చెను. అయితే ఇతరుల చిత్రములను చూచి రేకులపై చెక్కి జీవించు పేద పనివారికి ఇందు రక్షణ లేదు. తన పుండుకు మందు వెదకినవాడు పొరుగువాని పుండును మరచెనేమో!

చట్టము జూన్ 24వ తేదీనుండి అమలులోనికి రావలసియుండెను. తండ్రి ధనమును దుర్వ్యసనములకు తగులబెట్టి పిచ్చాసుపత్రి చేరిన యువకుని కథను హోగార్తు ఎనిమిది పటములుగా సిద్ధపరచి, ఆ దినము కొరకు వేచియుండెను. ఇంతలో కొందరు చిత్రములు చూచు నెపమున అతని యింటికి వచ్చి, చూచినది జ్ఞాపకముంచుకొని పోయి, తప్పులతడకలగు నకళ్లను ముందే అమ్మిరి. హోగార్తు జూన్ 25న అసలు పటములను విడుదల చేసెను. అంతటితో ఆగక, పేదలకొరకు అర్ధ క్రౌను వెలకు చిన్న ప్రతులను గూడ తన అనుమతితో మరియొకనిచే వేయించెను.

ఇచట ఒక విషయము గమనింపదగినది. వర్ణచిత్రము వేరు, దానినుండి ప్రతులు తీయు హక్కు వేరు. 1745లో హోగార్తు తన చిత్రములను వేలము వేసెను. యువతి కథలోని చిత్రములు ఒక్కొక్కటి 14 గినీలకును, యువకుని కథలోనివి ఒక్కొక్కటి 22 గినీలకును బెక్‌ఫర్డు అను ధనికుడు కొనెను. చిత్రములు అతని భవనమునకు పోయెను. రాగి రేకులు మాత్రము హోగార్తు ఇంటనే యుండెను. 1755లో బెక్‌ఫర్డు భవనము తగులబడి యువతి కథాచిత్రములు బూడిదయ్యెను. నేడు ఆ కథ మనకు లభించుచున్నది అచ్చుపటములవలననే.

చిత్రముల అమ్మకము అతనికి ఎన్నడును అచ్చిరాలేదు. ఒక ధనికుల వివాహమును గూర్చిన ఆరు చిత్రములను 1751లో అమ్మజూపినప్పుడు కొనవచ్చినవారు బహుకొద్దిమంది. ఆరింటిని కలిపి 120 గినీలకే ఇచ్చివేయవలసి వచ్చెను. ఒక్కొక్క చట్రమునకే నాలుగేసి గినీలు వ్యయమయ్యెనట! హోగార్తు అభిమానధనుడు, ముక్కోపి. ఆ పరాభవము అతనిని మిక్కిలి కలచివేసెను. ఆ చిత్రములే 1824లో లండను జాతీయ చిత్రశాలకు మూలసంపదలో భాగమయ్యెను.

1764లో హోగార్తు మరణించెను. జేన్‌కు మిగిలిన ఆస్తిలో ముఖ్యమైనవి ఆ రాగి రేకులు. పూర్వపు పటములపై 14 సంవత్సరముల గడువు ఏనాడో ముగిసియుండెను. 1767లో పార్లమెంటు చట్టమును సవరించి గడువును 28 సంవత్సరములకు పెంచెను. వెనుకటి చట్టము మరచిన పనివారికిని రక్షణ కల్పించెను. జేన్ పేరు ప్రత్యేకముగా పేర్కొని, భర్త పటములపై ఆమెకు మరి 20 సంవత్సరముల స్వామ్యము నొసగెను. ఆమె పటములను అచ్చొత్తించి అమ్ముకొనుచు గౌరవముగా జీవించెను. ఆ గడువును తీరిన పిమ్మట, 1787లో, రాయల్ అకాడమీ ఆమెకు సాలునకు 40 పౌనుల భృతి ఏర్పరచెను. రెండేండ్లకు ఆమెయు కన్ను మూసెను.