కుండీలో మట్టి, పరీక్షనాళికలో నీలం

పటాన్‌చెరులో రూమ్ తీసుకుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్న వాళ్లలో మీరూ ఒకరైతే, మీ కిటికీ గట్టు మీద ఓ పూలకుండీ ఉండే ఉంటుంది. దాని సంగతి ఒకసారి చూడండి. మొక్క గిడసబారింది. కింది ఆకులు ముదురాకుపచ్చకు తిరిగి, అడుగున ఊదారంగు పడుతోంది. ఫాస్ఫరస్ తక్కువైంది, గుప్పెడు డీఏపీ వెయ్యి అంటాడు పక్కరూమ్ అతను.

తొందరపడకండి. ఫాస్ఫరస్ లోపిస్తే ఆకు అలా మారే మాట నిజమే. కానీ కుండీ అడుగు చిల్లు మూసుకుపోయి వేర్లు నీళ్లలో నానుతున్నా, డిసెంబరు చలి తగిలినా అదే రంగు రావొచ్చు. ఊరికే డీఏపీ పోస్తే ఫాస్ఫరస్ ఎక్కువై జింకు, ఇనుము మొక్కకు సరిగా అందవు. అప్పుడు కొత్త చిగుళ్లు, ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, పసుపెక్కుతాయి. ఒక రోగానికి మందేస్తే ఇంకోటి వచ్చినట్టు! ఆకును చూసి ఊహించడం వేరు, మట్టిని కొలిచి చెప్పడం వేరు.

కొలవడం ఎలా? 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్‌లో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. అలాంటి సంస్థల ల్యాబుల్లోనూ, భూసార పరీక్ష కేంద్రాల్లోనూ మట్టిలోంచి తీసిన ద్రావణానికి అమ్మోనియం మాలిబ్డేట్, దాంతోపాటు ఓ క్షయకరణి కలుపుతారు. ఫాస్ఫేట్ ఉంటే నీలం రంగు వస్తుంది. ఎంత ఎక్కువుంటే అంత చిక్కటి నీలం. ఈ రసాయన చర్య అంతకుముందే తెలుసు. దాన్ని రక్తం, మూత్రం లాంటి వాటిలో నమ్మకంగా, త్వరగా కొలిచే పద్ధతిగా 1925లో మలిచిన ఇద్దరిలో ఒకరు మన భీమవరం మనిషి, ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. అక్కడి మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ కోటు తొడిగారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెబుతూ, మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ఛారిటీస్ సాయం కూడగట్టుకుని 1922లో బోస్టన్‌లో దిగారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరాక ఆ నీలం రంగు మొదలైంది. మీలో కెమిస్ట్రీ చదివినవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. క్యూసీ ల్యాబు ఇంటర్వ్యూల్లో అడిగే విషయం ఇదే. తెలిసిన మోతాదుల ఫాస్ఫేట్‌తో స్టాండర్డులు చేసి, వాటి నీలాన్ని మన శాంపిల్ నీలంతో పోల్చాలి. పక్కనే ఫాస్ఫేట్ లేని బ్లాంక్ ఒకటి ఉండాలి, ఎందుకంటే రసాయనాల్లోనే కొంత ఫాస్ఫేట్ మలినంగా ఉండొచ్చు. సబ్బుపొడితో కడిగిన గాజుసామాను వాడితే సబ్బులోని ఫాస్ఫేట్ కూడా మీ లెక్కలో కలిసిపోతుంది, అందుకే ఆమ్లంతో కడుగుతారు. సుబ్బారావు, ఫిస్కే వాడిన క్షయకరణి అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. నేటి భూసార ల్యాబుల్లో చాలావరకు ఆస్కార్బిక్ ఆమ్లమో, స్టానస్ క్లోరైడో వాడుతున్నారు. నీలం మాత్రం అదే.

కొలత చేతిలో ఉండబట్టే తర్వాతివి దొరికాయి. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పర్మనెంటు ఉద్యోగం మాత్రం హార్వర్డ్‌లో దక్కలేదు. ఇంత చేసిన మనిషికి అది అన్యాయమనే నాకనిపిస్తుంది.

1940లో మందుల కంపెనీ లెడర్లేకు మారారు. అంటే మీరు బస్సు దిగి బయోడేటా ఇచ్చే పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల లాంటి చోటుకే, కాకపోతే పరిశోధన విభాగానికి. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూకి అదే మందు. అన్నదమ్ములను కాపాడలేకపోయిన ఎన్నో ఏళ్ల తర్వాత దొరికింది. ఆ అణువును కాస్త మార్చి, దాని పనిని అడ్డుకునే మందులు కూడా వాళ్లే చేశారు. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి చూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. మన ఊళ్లలో బోదకాలుకు పంచే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబులో పుట్టిందే.

మళ్లీ మట్టి దగ్గరికే వద్దాం. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవులను వెతికించారు. మిస్సోరిలోని ఓ పొలం మట్టిలోంచి బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ తీశారు, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. వయసు 53. ఇండియాకు తిరిగి రానేలేదు. మన తపాలా శాఖ స్టాంపు వేసింది 1995లో, పుట్టిన నూరేళ్లకు.

మీ కుండీ మాట. దాన్ని పక్కకు వంచి, మెల్లగా తట్టి, వేరుముద్ద బయటకు తీయండి. వేర్లు తెల్లగా గట్టిగా ఉంటే మట్టిని పరీక్షకు ఇవ్వొచ్చు. గోధుమరంగుకు తిరిగి వాసనొస్తుంటే ఫాస్ఫరస్ సంగతి తర్వాత, ముందు అడుగు చిల్లు తెరిచి, కుళ్లినవి కత్తిరించి, ఎర్రమట్టిలో కోకోపీట్, కాస్త ఇసుక కలిపి మార్చండి. వారం పాటు ఎరువు జోలికి పోవద్దు.