సముద్రపు నీలిమను ప్రశ్నించిన శాస్త్రవేత్త: సర్ సి.వి. రామన్

ఏటా ఫిబ్రవరి 28వ తేదీన మన పాఠశాలలన్నింటిలో జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుగుతుంది. 1987వ సంవత్సరం నుండి దేశమంతటా ఈ ఆనవాయితీ కొనసాగుతున్నది. పిల్లలు అట్టముక్కలతో నమూనాలు తయారుచేస్తారు. తలపాగా చుట్టుకొన్న ఒక పెద్దమనిషి చిత్రపటానికి పూలమాల వేస్తారు. ఆయన ఏమి కనుగొన్నారని అడిగితే రామన్ ఫలితమని ఠక్కున సమాధానం చెబుతారు. ఆ ఫలితమంటే ఏమిటని మరొక ప్రశ్న వేస్తే మాత్రం తరగతి గదిలో నిశ్శబ్దం అలుముకొంటుంది. పేరు తెలిసి విషయం తెలియకపోవడం పిల్లల తప్పు కాదు, చెప్పవలసిన రీతిలో మనం చెప్పకపోవడమే అసలు లోపం. ఆ లోపాన్ని కొంతవరకైనా పూరించాలన్న తలంపుతో ఆ మహనీయుని జీవితాన్ని, ఆయన వెదకిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

విశాఖ తీరాన బాల్యం

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తల్లి పార్వతి అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యర్. 1892లో తండ్రికి విశాఖపట్టణంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకుని ఉద్యోగం లభించడంతో కుటుంబమంతా తెలుగు సీమకు తరలివచ్చింది. ఇంట తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఆంగ్లం. సరిహద్దు జిల్లాలలో నివసించే మనకు ఇట్టి బాల్యం కొత్తది కాదు. ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటి అయినందువల్ల చదువు కుంటుపడుతుందని భయపడే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. రామన్ పదకొండవ ఏటనే విశాఖలో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. తండ్రి బోధించే కళాశాలలోనే ఎఫ్.ఏ. చదువు ముగించారు. ఇంటినిండా భౌతికశాస్త్ర, గణితశాస్త్ర గ్రంథాలు ఉండేవి. తండ్రికి వయొలిన్ వాయించడంలో ప్రవేశం ఉండేది. కాంతి, ధ్వని అనే రెండు విషయాలు రామన్ జీవితాన్ని చివరివరకు విడిచిపెట్టలేదు.

1902లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ. పరీక్షలో ప్రథమస్థానంతో పాటు భౌతికశాస్త్రంలో బంగారు పతకం సాధించారు. అంతటి విద్యార్థిని పై చదువుకు ఇంగ్లండుకు పంపడం ఆనాటి పద్ధతి. కాని రామన్‌ది బలహీనమైన శరీరం. అక్కడి చలికి తట్టుకోలేడని ప్రభుత్వ వైద్యాధికారి నిరాకరించారు. అందువల్ల మద్రాసులోనే చదువు సాగింది. 1906లో, తమ పదునెనిమిదవ ఏట, కాంతి వివర్తనాన్ని గురించి ఆయన వ్రాసిన తొలి పరిశోధనా వ్యాసం లండన్ నుండి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. కళాశాలలో సాధారణ ప్రయోగం చేస్తున్నప్పుడు కంటబడిన ఒక వింతను వదలక వెంటాడినందుకు లభించిన ఫలమది.

పగలు లెక్కలు, రాత్రి పరిశోధన

ఆ రోజులలో విజ్ఞానశాస్త్రాన్ని నమ్ముకొని జీవించే మార్గం భారతీయులకు దాదాపు లేదు. రామన్ ఆర్థికశాఖ పోటీపరీక్షలో ప్రథములుగా నెగ్గి, 1907లో కలకత్తాలో సహాయ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. ఒకనాడు ట్రాములో పోతుండగా బౌబజారు వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే బోర్డు ఆయన కంటబడింది. వైద్యులైన మహేంద్రలాల్ సర్కార్ 1876లో దేశీయుల పరిశోధన కొరకు స్థాపించిన సంస్థ అది. స్థాపకులు గతించిన తరువాత అక్కడి ప్రయోగశాల దాదాపు మూలబడి ఉన్నది. రామన్ వెళ్లి అనుమతి కోరారు. నాటి నుండి తెల్లవారుజామున ప్రయోగశాల, పగలు కచేరీ, సాయంత్రం మరల ప్రయోగశాల. మధ్యలో రంగూనుకు, నాగపూరుకు బదిలీ అయినా పరిశోధన మానలేదు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి లభించగా, అంతకంటె ఎంతో ఎక్కువ జీతం వచ్చే ప్రభుత్వోద్యోగాన్ని వదలుకొన్నారు.

మృదంగంలోని రహస్యం

ఆయన మొదట లోతుగా పరిశీలించినవి మన వాద్యాలు. కంపించే వస్తువు నుండే ధ్వని పుడుతుందని ఆరవ, ఏడవ తరగతుల పిల్లలకు తెలుసు. సెకనుకు ఎన్ని కంపనాలో ఆ సంఖ్యను పౌనఃపున్యమంటారు. వీణతీగ మీటినప్పుడు ఒక్క పౌనఃపున్యమే కాక, దానికి రెండురెట్లు, మూడురెట్లు, నాలుగురెట్లు గల కంపనాలు కూడా కలిసి పుడతాయి. ఇవి పూర్ణసంఖ్యల లెక్కలో ఉండుటచేతనే నాదం శ్రావ్యంగా వినిపిస్తుంది. మామూలు డప్పుకు ఈ లెక్క కుదరదు. దానిపై పుట్టే కంపనాలు పూర్ణసంఖ్యల రెట్లలో ఉండవు కనుక శబ్దమే గాని స్వరం పలకదు.

మరి మృదంగం, తబలా స్వరం పలుకుతున్నవి కదా? ఆ చర్మం నడుమ అద్దిన నల్లని ముద్దలోనే కిటుకున్నదని రామన్ నిరూపించారు. ఆ ముద్ద బరువు వల్ల చర్మపు కంపనాలు సర్దుకొని, మొదటి అయిదు స్వరాలు ఇంచుమించు పూర్ణసంఖ్యల రెట్లలోకి వస్తాయి. వాద్యాలు తయారుచేసే మన పనివారు చెవితో సాధించిన నేర్పును ఆయన శాస్త్రభాషలోకి తెచ్చారు. ఆ పనివారికి పుస్తకజ్ఞానం లేకపోవచ్చును, భౌతికశాస్త్రం మాత్రం వారి వ్రేళ్లలోనే ఉన్నది.

ఓడపై వచ్చిన సందేహం

1921లో ఆక్స్‌ఫర్డులో జరిగిన విశ్వవిద్యాలయాల మహాసభకు రామన్ కలకత్తా ప్రతినిధిగా వెళ్లారు. తిరుగు ప్రయాణంలో నార్కుండా అనే ఓడ మధ్యధరా సముద్రంలో సాగుతుండగా ఆ నీటి నీలవర్ణం ఆయనను ఆకట్టుకొన్నది.

సముద్రం ఎందుకు నీలంగా ఉన్నదని అడిగితే, ఆకాశం అందులో ప్రతిబింబించడమే కారణమని మనం నేటికీ పిల్లలకు చెబుతుంటాము. ఇది ప్రసిద్ధ శాస్త్రవేత్త లార్డ్ రేలీ వెలిబుచ్చిన అభిప్రాయం. ఆకాశపు నీలిమకు సరియైన కారణం చెప్పినవారు ఆయనే. సూర్యకాంతి గాలిలోని అణువులను తాకి నలుదిక్కులకు చెదరిపోతుంది. దీనిని పరిక్షేపణమంటారు. తరంగదైర్ఘ్యం తక్కువైన కొలదీ చెదరడం ఎక్కువ. నీలికాంతి తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు, ఎర్రకాంతిది సుమారు 650. ఒక నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు. ఈ లెక్కన నీలికాంతి ఎర్రకాంతికంటె నాలుగు రెట్లకు పైగా చెదరుతుంది. ఏ దిక్కు చూచినా ఆకాశం నీలంగా కనిపించడానికి ఇదే కారణం.

అంతటివారు చెప్పిన మాట కదా అని రామన్ ఊరకుండలేదు. ఆయన జేబులో నికల్ పట్టకమనే చిన్న స్ఫటిక సాధనం ఉన్నది. నీటి ఉపరితలం నుండి ఒక ప్రత్యేక కోణంలో పరావర్తనమైన కాంతి ధ్రువణం చెంది ఉంటుంది. నికల్ పట్టకాన్ని తగురీతిని త్రిప్పితే ఆ కాంతిని అడ్డగించవచ్చును. రామన్ అట్లే చేసి చూచారు. ఆకాశపు ప్రతిబింబం తొలగిపోయింది, కాని సముద్రపు నీలిమ తొలగలేదు సరికదా, మరింత గాఢంగా కనిపించింది! అనగా ఆ రంగు నీటి లోపలినుండే వస్తున్నదని తేలింది. గాలి అణువులవలెనే నీటి అణువులు కూడా కాంతిని చెదరగొడుతున్నవని ఆయన వివరించి, ఆ వ్యాసాన్ని నేచర్ పత్రికకు పంపారు. నీరు ఎర్రకాంతిని కొద్దికొద్దిగా పీల్చుకొంటుందని, సముద్రపు రంగులో ఆ శోషణానికి ముఖ్యపాత్ర ఉన్నదని నేడు మనకు తెలుసు. పీల్చుకొనగా మిగిలిన నీలికాంతిని మన కంటివైపు మరల్చేది పరిక్షేపణమే. రామన్ సమాధానం సంపూర్ణం కాకపోయినా, పాత సమాధానాన్ని పరీక్షించి చూడడం వల్లనే తరువాతి ద్వారం తెరుచుకొన్నది.

ఈ పరిక్షేపణాన్ని పిల్లలు ఇంటనే చూడవచ్చును. చీకటి గదిలో గాజుగ్లాసు నిండ నీరు పోసి, నాలుగైదు చుక్కల పాలు కలిపి, ఒకవైపు నుండి టార్చిలైటు వెలిగించండి. ప్రక్కనుండి చూస్తే నీరు లేత నీలంగాను, టార్చికి ఎదురుగా చూస్తే ఆ వెలుగు నారింజ వన్నెగాను కనిపిస్తుంది. పగటి ఆకాశం, సాయంసంధ్య రెండూ ఆ గ్లాసులోనే ఉన్నవి.

రామన్ ఫలితం

కలకత్తా చేరిన తరువాత రామన్ తమ శిష్యులతో కలిసి ద్రవాలలో కాంతి పరిక్షేపణాన్ని ఏళ్లతరబడి పరిశీలించారు. చెదరిన కాంతి రంగు మారరాదన్నది నాటి నమ్మకం. కాని 1923లో శిష్యులు కె.ఆర్. రామనాథన్ నీటిలో రంగు మారిన ఒక మందమైన వెలుగును గమనించారు. ద్రవంలోని మలినాల వల్ల అట్లు జరిగినదేమోనని పదేపదే శుద్ధిచేసినా అది పోలేదు. 1928 ఆరంభంలో కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి రామన్ సుమారు అరువది ద్రవాలను పరీక్షించారు. అన్నింటిలోనూ ఆ వెలుగు ఉన్నది. ఫిబ్రవరి 28న వర్ణపటదర్శిని ద్వారా చూడగా, లోపలికి పంపిన కాంతి రేఖతోపాటు వేరొక రంగు కాంతి కూడా స్పష్టంగా కనిపించింది. మార్చి 16న బెంగుళూరులో శాస్త్రవేత్తల సభ ఎదుట రామన్ ఈ విషయాన్ని సవిస్తరంగా ఉపన్యసించారు.

దీనిని పిల్లలకు ఇట్లు చెప్పవచ్చును. కాంతిని చిన్నచిన్న శక్తి కణాల ప్రవాహంగా ఊహించుకోండి. అణువులు ఊరక నిలిచి ఉండవు, వాటిలోని పరమాణువులు స్ప్రింగుతో కట్టిన గోలీలవలె కంపిస్తుంటాయి. కాంతికణం అణువును తాకినప్పుడు సాధారణంగా శక్తి మారకుండానే ప్రక్కకు పోతుంది. సుమారు కోటి కణాలలో ఒకటి మాత్రం తన శక్తిలో కొంత ఆ కంపనానికి ఇచ్చి పోతుంది, లేదా అక్కడినుండి కొంత తీసుకొని పోతుంది. శక్తి తగ్గితే రంగు ఎరుపు వైపునకు, పెరిగితే ఊదా వైపునకు జరుగుతుంది. ఎంత జరిగినదో కొలిస్తే ఆ అణువు ఎట్టిదో తెలుస్తుంది. మనుషులకు వ్రేలిముద్రలున్నట్లే పదార్థాలకు ఈ రేఖలు గుర్తులు.

ఇంచుమించు అదే సమయంలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ అనే శాస్త్రవేత్తలు స్ఫటికాలలో ఇదే విషయాన్ని గమనించారు. కాని లోకానికి ముందుగా ప్రకటించినవారు రామన్, కృష్ణన్‌లు. 1930లో నోబెల్ బహుమతి రామన్ ఒక్కరికే లభించింది. విజ్ఞానశాస్త్రాలలో ఆసియా ఖండానికి దక్కిన తొలి నోబెల్ అది. ఈ గౌరవాన్ని తలచుకొనేటప్పుడు కృష్ణన్ శ్రమను, రామనాథన్ పరిశీలనను కూడా పిల్లలకు చెప్పుట న్యాయం.

ఈ పరిశోధన ఆకర్షణతో 1928లోనే అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లికి చెందిన సూరి భగవంతం కలకత్తా వెళ్లి రామన్ శిష్యులయ్యారు. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులై ఆ శాస్త్రాన్ని తెలుగునాట పాదుకొల్పారు. రామన్ బాల్యం గడిచిన విశాఖకు ఆయన విద్య శిష్యుని ద్వారా తిరిగివచ్చినట్లయింది.

బెంగుళూరు జీవితం

1933లో రామన్ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి భారతీయ సంచాలకులుగా వచ్చారు. ఆ సంవత్సరమే బొంబాయి విశ్వవిద్యాలయంలో ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైన కమలా భాగవత్ అనే యువతి అక్కడ పరిశోధనకు దరఖాస్తు చేసుకొన్నది. స్త్రీ అన్న కారణంతో రామన్ ఆమెను తిరస్కరించారు. ఆమె వెనుదిరగక పట్టుబట్టగా, ఒక సంవత్సరం పరీక్షగా చూస్తామంటూ షరతులతో అనుమతించారు. ఆమె ప్రతిభ చూచిన తరువాత మాత్రమే ఆ సంస్థలో స్త్రీలకు దారి ఏర్పడింది. కమలా సొహోనీగా ప్రసిద్ధి పొందిన ఆమె 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు సాధించింది. రేలీ మాటను పరీక్షకు నిలిపిన రామన్, స్త్రీలను గురించిన తన నమ్మకాన్ని మాత్రం ముందుగా పరీక్షించుకోలేదు. ఆ పని ఒక విద్యార్థిని చేయవలసివచ్చింది. మహనీయుల జీవితంలోని ఇట్టి ఘట్టాలను దాచిపెట్టుట వారికి గౌరవం కాదు. మన ఆడపిల్లలకు ఈ కథ తప్పక తెలియాలి.

పాలనా వ్యవహారాలలో విభేదాలు తలెత్తగా 1937లో సంచాలక పదవిని విడిచి, 1948 వరకు ఆచార్యులుగా కొనసాగారు. 1934లో భారతీయ విజ్ఞాన పరిషత్తును, 1948లో తమ పేరిట పరిశోధనాలయాన్ని బెంగుళూరులోనే నెలకొల్పారు. వజ్రాలు, పూల రంగులు, కంటి చూపు వంటి విషయాలపై వృద్ధాప్యంలోనూ పరిశోధించారు. 1954లో భారతరత్న పురస్కారం అందుకొన్నారు. 1970 నవంబరు 21న పరమపదించగా, వారి కోరిక మేరకు పరిశోధనాలయ ప్రాంగణంలోనే అంత్యక్రియలు జరిగాయి.

లేజరు కాంతి వచ్చిన తరువాత రామన్ ఫలితానికి ఉపయోగాలు ఎన్నో రెట్లు పెరిగాయి. మందులలో కల్తీని, రత్నాలలో నకిలీని దానితో గుర్తిస్తున్నారు. 2021లో అంగారక గ్రహంపై దిగిన పెర్సీవరెన్స్ వాహనంలో సైతం ఆ పద్ధతితో పనిచేసే పరికరాలున్నవి.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ ఫిబ్రవరి 28న చిత్రపటానికి మాల వేసిన తరువాత, ఒక గ్లాసు నీరు, కొన్ని పాలచుక్కలు, ఒక టార్చిలైటు పిల్లల ముందుంచండి. ఆకాశం నీలంగా ఎందుకున్నదో వారినే చెప్పనివ్వండి. తప్పు చెప్పినా గద్దించక, ఎట్లు పరీక్షించి చూద్దామని అడగండి. మధ్యధరా సముద్రంపై రామన్ తమను తాము వేసుకొన్న ప్రశ్న అదే.