అడుగులతో దేశమును కొలిచిన పండితుడు

హిమాలయములలో కుమావూ ప్రాంతమున జోహారు అను లోయ కలదు. అందలి మిలామ్ గ్రామమున 1830వ సంవత్సరమున నైన్ సింగ్ రావత్ జన్మించెను. ఆ గ్రామస్థులు వేసవిలో గొఱ్ఱెల వీపులపై ధాన్యము వేసికొని కనుమలు దాటి టిబెట్టునకు పోయి, ఉప్పును ఉన్నిని తెచ్చుకొనెడివారు. కావున ఆ దేశపు భాషయు ఆచారములును అతనికి చిన్ననాటనే పట్టుబడినవి. పెద్దవాడై బడిపంతులయ్యెను. అందుచేతనే అతనికి పండితుడను పేరు వచ్చెను.

ఆ కాలమున టిబెట్టు పరదేశీయులకు మూసిన తలుపు. 1841లో డోగ్రా సేనాని జొరావర్ సింగ్ ఆ దేశముపై దండెత్తి యుద్ధమున అచటనే మరణించెను. 1855లో నేపాలు సేనలు దండెత్తగా, మరుసటి యేటి సంధి ననుసరించి టిబెట్టు ఏటేటా పదివేల రూపాయలు చెల్లింపవలసి వచ్చెను. ఇట్టి బాధలు పడినవారు క్రొత్తవారిని శంకించుటలో వింత లేదు. అందును, తమ నేలను కొలువవచ్చువానిని!

అయినను ఆంగ్ల ప్రభుత్వపు సర్వే శాఖకు ఆ దేశపటము కావలసియుండెను. కొండజాతివారిని వర్తకుల వేషమున పంపవచ్చునని మాంట్‌గోమరీ అను అధికారి తలచెను. 1863లో నైన్ సింగును, అతని బంధువగు మణిసింగును డెహ్రాడూనునకు పిలిపించిరి. ప్రయాణమునకు పూర్వము శిక్షణకే రెండేండ్లు పట్టెను. ఎక్కుడైనను దిగుడైనను అడుగు నిడివి మారకుండ నడచుట వారు అభ్యసించిరి. జపమాలలో నూటయెనిమిదికి బదులు నూరు పూసలే యుండెను. నూరడుగులకొక పూస జరుపవలెను. ప్రార్థనాచక్రములో మంత్రములకు మారుగా లెక్కలు వ్రాసిన కాగితములుండెను. గవ్వలలో పాదరసము, చేతికఱ్ఱలో ఉష్ణమాపకము, పెట్టె అడుగున కోణములను కొలుచు పరికరము దాగియుండెను. నీరు మరుగు వేడిని బట్టి ఆ చోటి ఎత్తును లెక్కకట్టవచ్చును.

1865లో ఇరువురును నేపాలు మార్గమున బయలుదేరిరి. సరిహద్దున కిరోంగ్ వద్ద అధికారులు సామానంతయు వెదకిరి. పరికరములు బయటపడలేదు గాని, సందేహించి వారిని వెనుకకు పంపిరి. మణిసింగు ప్రయత్నము మానుకొనెను. నైన్ సింగు లడఖు వర్తకుని వేషమున మరల వచ్చెను. లాసాకు పోనని, పోయినచో ప్రాణము నర్పింతునని పత్రము వ్రాసియిచ్చి దేశమున ప్రవేశించెను. ఆ మాట తప్పక తప్పదని అతనికి ముందే తెలియును.

ఒక లడఖు వర్తకబృందముతో కలిసి షిగాట్సే మీదుగా 1866 జనవరిలో అతడు లాసా చేరెను. చేతి డబ్బు అయిపోగా నేపాలు వర్తకులకు లెక్కలు నేర్పి పొట్టపోసికొనెను. రాత్రులయందు నక్షత్రములను కొలిచెను. అనుమతి లేక వచ్చిన యొక చీనీయుని నడివీధిని శిరచ్ఛేదము చేయుట కన్నులార చూచెను. ఒకనాడు కిరోంగ్ అధికారియే ఆ వీధులలో కానవచ్చెను! నాటినుండి అతడు బయట తిరుగుట తగ్గించి, ఏప్రిలులో నగరమును విడిచెను. ఆ యాత్రలో కొలిచిన దూరము ఇంచుమించు 1,200 మైళ్లు. అడుగులు 25 లక్షలు. లాసా ఉనికి అప్పుడు పటముపై నిలిచెను.

1874-75లో అతడు లడఖునందలి లేహ్ నుండి లాసా, తవాంగుల మీదుగా అస్సాము చేరెను. ఈ శ్రమలచే చూపు మందగించెను. తొలుత నివేదికలలో పేరు దాచి పండితుడని మాత్రమే వ్రాసిరి. 1877లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి స్వర్ణపతకము నిచ్చెను. పిమ్మట నైన్ సింగు ఇతర యువకులకు అడుగులు లెక్కించు విద్యను నేర్పుచుండెను.