బోనులో ఆంధ్రరత్నము

వేలకొలది జనము గుమిగూడినచోట కర్ర యెత్తకుండ క్రమము నిలుపగలిగిన నాయకుడు, ప్రజాశాంతి పేరిట చెరసాలకు పోవలసివచ్చుట మన చరిత్రలోని వింతలలో నొకటి. ఆ నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయనను చీరాల పేరాల వీరుడనియు, సంభాషణచతురుడనియు మనము తలచుకొనుచుందుము. 1921లో బరంపురమున ఆయనకు పడిన శిక్షను మాత్రము ఒక్క వాక్యముతో ముగింతుము. ఆ వాక్యము వెనుక ఒక పెద్ద ప్రశ్న యున్నది. శాంతిభంగపు నింద తనపై పడినపుడు నిర్దోషి యేమి చేయవలెను? న్యాయవాదిని పెట్టి వాదింపవలెనా? మౌనముగా శిక్షను స్వీకరింపవలెనా?

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2వ తేదీన నాటి కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించెను. పుట్టిన కొలది దినములకే తల్లి కన్నుమూసెను. పసితనముననే తండ్రియు గతించెను. నాయనమ్మయు పినతండ్రియు ఆ బిడ్డను పెంచి పెద్దచేసిరి. చదువు నడుమ కొంతకాలము ఆయన బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసెను. ప్రభుత్వపు కాగితము పల్లెటూరి మనిషిని ఎట్లు వణికించునో ఆ వయసుననే చూచుటకు అవకాశము కలిగెను.

1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కూడ ఆయన స్కాట్లండునకు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం.ఏ. పట్టము పొందెను. అర్థశాస్త్రము ఆయన పాఠ్యవిషయము. కళలు ఆయన ప్రాణము. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున అనువదించెను. ఆ గ్రంథమును 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయము ప్రకటించెను. స్వదేశమునకు వచ్చిన పిదప రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయుడుగా నుండెను. ఒకరి క్రింద ఒదిగి యుండుట ఆయన స్వభావమున లేదు. ఆ కొలువులు రెండును ఎక్కువకాలము నిలువలేదు.

తుదకు చీరాల ఆయనకు కర్మభూమి యయ్యెను. అచట ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పెను. రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చెను. కాషాయ వస్త్రములు, రుద్రాక్షమాలలు ధరించి, రామనామము పలుకుచు నడచు ఆ దండును చూచి మొదట నవ్వినవారు లేకపోలేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. గాంధీమహాత్ముని దర్శింపవలెనని జనము వెల్లువవలె వచ్చిరి. ఆ జనసమ్మర్దమున తొక్కిసలాట జరుగకుండ దారులు తీర్చి, క్రమము పాటింపజేసినవారు రామదండువారు. తిట్టక, కొట్టక, నచ్చజెప్పి వారీ పని నెరవేర్చిరి. గోపాలకృష్ణయ్య దృష్టిలో శాంతిభద్రతలనగా ఇవియే: లాఠీకి వెరచి కాక, ఇష్టపడి మనుష్యులు పాటించు క్రమము.

ఇదే కాలమున చీరాల, పేరాల గ్రామములకు ఒక కష్టము వచ్చిపడెను. ప్రభుత్వము ఆ రెండిటిని కలిపి పురపాలకసంఘముగా మార్చెను. జనాభా సుమారు పదునైదువేలు. వారిలో పెక్కురు నేతపనివారు, చిన్న రైతులు. అంతవరకు ఏటికి నాలుగువేల రూపాయలుగా నున్న పన్ను నలువదివేల వరకు పెరిగెను. మాకు పురపాలకసంఘము వలదని ప్రజలు మొరపెట్టుకొనిరి. మొర విన్నవారు లేరు. పన్ను చెల్లింపనందుకు కొందరిని కచేరీలకీడ్చి శిక్షించిరి. జైలుకు వెళ్లినవారిలో ఒక స్త్రీయు నుండెను.

బెజవాడ సభలు ముగిసిన పిమ్మట గాంధీజీ చీరాలకు వచ్చెను. ఆయన రెండు మార్గములు చూపెను. అహింసావ్రతము తప్పక పన్నులు నిరాకరించుట ఒకటి. ఊరు విడిచి పురపాలక సరిహద్దులకు వెలుపల నివసించుట రెండవది. గోపాలకృష్ణయ్య రెండవ మార్గమునే చేపట్టెను. ఊరే లేనిచో ఊరి పన్ను ఎవరిపై పడును? ఏప్రిల్ మాసాంతమున సుమారు పదమూడువేలమంది ఇండ్లకు తాళములు వేసి, మగ్గములు, పశువులు, పసిబిడ్డలతో కదలి, వెలుపలి పొలములలో పాకలు వేసికొనిరి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు. ఎండలకు, వానలకు ఓర్చి పదునొకండు మాసములు వారచట కాపురముండిరి. రామదండు అచట రాత్రింబవళ్లు కావలి కాచెను.

ఇట్టి స్థితిలో గోపాలకృష్ణయ్య గంజాము జిల్లాలోని బరంపురమునకు వెళ్లెను. నేడది ఒడిశా రాష్ట్రమున నున్నను, నాడు మద్రాసు రాజధానిలో చేరి, తెలుగువారికి ముఖ్యకేంద్రముగా నుండెను. సభలలో ఉపన్యసింపరాదని అధికారులు ఆయనపై నిషేధాజ్ఞ జారీచేసిరి. ఆయన దానిని లెక్కచేయలేదు. ఫలితముగా ఒక సంవత్సరము కారాగారశిక్ష. తిరుచిరాపల్లి జైలు ఆయనకు నివాసమయ్యెను.

నాటి చట్టము తీరును విద్యార్థులు ఇచట కొంచెము తెలిసికొనవలెను. 1860 నాటి భారత శిక్షాస్మృతి ప్రకారము త్రాగి బహిరంగస్థలమున అల్లరి చేసినవానికి అత్యధిక శిక్ష ఇరువదినాలుగు గంటల జైలు, లేక పది రూపాయల జరిమానా, లేక రెండును. నడివీధిలో కొట్టుకొని శాంతిభంగము చేసినవానికి నెలదినముల జైలు, లేక నూరు రూపాయలు, లేక రెండును. నేరము చేసిన తరువాత ఈ శిక్షలు. కాని 1898 నాటి క్రిమినలు విచారణస్మృతి మేజిస్ట్రేట్ల చేతికి మరి రెండు ఆయుధములనిచ్చెను. నేరము జరుగకమునుపే నూటనలువదినాలుగవ సెక్షను క్రింద నోరు మూయింపవచ్చును. శాంతికి భంగము కలుగునని తోచినచో పూచీకత్తు కోరవచ్చును; అది యీయనివానిని సంవత్సరము వరకు జైలులో నుంచవచ్చును. త్రాగుబోతు అల్లరికి ఒకదినము, మాటలాడుదునన్న పెద్దమనిషికి ఏడాది! ఆ స్మృతి పోయి 1973లో ఒకటి, 2023లో వేరొకటి వచ్చినవి. నిషేధాజ్ఞల అధికారము మాత్రము పేరు, సంఖ్య మారి నిలిచియే యున్నది.

ఇట్టి నిందనెదుర్కొనుటకు అంతకు పూర్వము వేరొక సంప్రదాయముండెను. 1908లో బాలగంగాధర తిలక్ బొంబాయి హైకోర్టులో తన వాదమును తానే వినిపించుకొనెను. దినముల తరబడి, మొత్తము ఇరువదియొక్క గంటలకు పైగా ప్రసంగించెను. అయినను ఆరేండ్ల ప్రవాసశిక్ష తప్పలేదు. ఆ యేడే స్వరాజ్య పత్రిక వ్యాసమునకై మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు శిక్షితుడయ్యెను. పైకోర్టులో ఆ శిక్ష తగ్గుటకు మారుగా మూడేండ్లకు పెరిగెను. వాదన యెంత గొప్పదైనను తీర్పు ముందే సిద్ధమై యుండునన్న అనుభవము దేశమునకు కలిగెను. 1920లో కాంగ్రెసు కోర్టులను బహిష్కరింపుడని పిలుపునిచ్చెను. టంగుటూరి ప్రకాశము వంటివారు వేలు గడించు వకీలువృత్తిని వదలుకొనిరి. వకీలును పెట్టుకొనకుండుట, సాక్షులను పిలువకుండుట, జామీను యీయకుండుట ఆ కాలపు సత్యాగ్రహికి నియమములయ్యెను. గోపాలకృష్ణయ్య ఆ వ్రతమునకు కట్టుబడినవాడు.

ఇది తేలికైన త్యాగము కాదు. వాగ్ధాటిలో ఆయనకు సాటివచ్చువారు అరుదు. ఎడింబరోలో చదివిన ఆయనకు దొరల భాష కొట్టినపిండి. సాక్షిని తికమకపెట్టగల చమత్కారము నాలుక చివర నుండెను. ఇన్ని యుండియు వాటిని తన రక్షణకు వినియోగింపరాదు. పోనీ, ఆ యేడాది నష్టము తన యొక్కనిదేనా? రామనగరములో వేలమంది ఆయనకై ఎదురుచూచుచుండిరి. పూచీకత్తు వ్రాసి వెనుకకు వచ్చి వారికి అండగా నుండుట మేలా? మాట నిలుపుకొని జైలుకు పోవుట మేలా? నాయకుని ధర్మము ఈ రెండింటి నడుమ నలిగెను. మౌనమునకు ఒప్పుకొని వచ్చిన నాయకుడు, ఇండ్లు విడిచిన ప్రజలకు ఏమని ధైర్యము చెప్పగలడు? ఆయన జైలునే వరించెను.

దాని మూల్యమును దాచుట చరిత్రకు ద్రోహము. నాయకుడు దూరమగుటతో ఉద్యమమునకు వెన్నుదన్ను లేకపోయెను. ధనము తరిగెను, పాకలలో బ్రతుకు దుర్భరమయ్యెను. తుదకు ప్రజలు తమ యిండ్లకు తిరిగి వెళ్లిరి. పురపాలకసంఘము నిలిచెను. లెక్కలు చూచువారికి అది ఓటమియే. కాని పదునొకండు మాసములపాటు పదమూడువేలమంది యిండ్లు వదలి, చెక్కుచెదరక నిలిచిరన్నది ఏ మేజిస్ట్రేటును కొట్టివేయలేని సాక్ష్యము. అశాంతి ఎవరి పక్షమున నుండెనో అది చెప్పకయే చెప్పుచున్నది.

విడుదలైన పిదప ఆయన కాంగ్రెసు కార్యములలోను, జానపద కళల ఉద్ధరణలోను మునిగెను. తోలుబొమ్మలాటవారిని, పల్లె కథకులను ఆదరించెను. కూడబెట్టుట ఎరుగడు. దారిద్ర్యము వెన్నాడెను, క్షయ ఆయన శరీరమును తినివేసెను. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిది యేండ్లు నిండిన కొలది దినములకే, ఆయన అస్తమించెను. విజయవాడలోని ఆంధ్రరత్న భవనము ఆయన పేర వెలసినదే.

న్యాయస్థానమున తన పక్షము వినిపించుకొనుట ప్రతి పౌరునికిని హక్కు. స్వతంత్ర భారతమున మన రాజ్యాంగము ఆ హక్కును ఇరువదిరెండవ అధికరణమున స్పష్టముగా వ్రాసి యిచ్చినది. నిందితుడు తనకిష్టమైన న్యాయవాదిని పెట్టుకొనవచ్చును. ఆ హక్కునకు విలువ లేని కాలమున, దానిని వదలుకొనియే నిలిచినవాడు గోపాలకృష్ణయ్య. తరగతిగదిలో ఆ అధికరణమును బోధించునపుడు బరంపురపు శిక్షను గూడ చెప్పినచో, ఆ నాలుగు పంక్తుల వెనుకనున్న ధర విద్యార్థికి బోధపడును.