పిచ్చాసుపత్రి గదిలో మొదలైన చదువు

చదువరులారా, మన పట్టణాల్లో మాంటిస్సోరి అనే పేరు పెట్టుకున్న పాఠశాలలు ఎన్నో మీరు చూసి ఉంటారు. కొన్ని మంచివి, కొన్ని బోర్డుకే మాంటిస్సోరి. మూడేళ్ళు దాటినా మాట రాని బిడ్డను చంకన వేసుకుని ఒక తల్లి అలాంటి గేటు దగ్గరకు వెళితే, ఇక్కడ కుదరదని వెనక్కు పంపిన సంగతులు కూడా మీరు వినే ఉంటారు. ఆ బోర్డు మీది పేరు ఎవరిదో, ఆమె ఆ పద్ధతిని మొదట ఏ పిల్లల దగ్గర నేర్చుకున్నారో తెలిస్తే ఆ తల్లిని వెనక్కు పంపడం కష్టమయ్యేది. ఆ కథే ఈ వారం మీకు చెబుతున్నాను.

మరియ మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె అనే చిన్న ఊళ్ళో ఒక కతోలిక కుటుంబంలో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆడపిల్లకు డాక్టరు చదువేమిటని ఆయన ఇష్టపడలేదు, తల్లి మాత్రం కూతురి పక్షాన నిలిచింది. మగ విద్యార్థులతో కలిసి శవపరీక్ష నేర్చుకోవడం ఆ రోజుల్లో తప్పుగా ఎంచేవారు గనుక, అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒంటరిగా శవాల గదిలో కూర్చుని చదువుకోవలసి వచ్చింది. 1896లో రోము విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. ఇటలీలో ఆ పట్టా పొందిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు.

ఆ తరువాత విశ్వవిద్యాలయంలోని మానసిక వైద్యశాలలో సహాయకురాలిగా చేరారు. ఆ పని మీద రోములోని పిచ్చాసుపత్రులకు వెళ్ళవలసి వచ్చేది. బుద్ధి ఎదగని పిల్లలను ఆ రోజుల్లో మతిభ్రమించిన పెద్దలతో కలిపి అక్కడే ఉంచేవారు. ఒకచోట అలాంటి పిల్లలను ఒక గదిలో ఖైదీల్లా పెట్టారు. ఆ గదిలో నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. వాళ్ళను కనిపెట్టుకుని ఉండే ఆయాకు వాళ్ళంటే ఏవగింపు. భోజనం అయిన తరువాత ఈ పిల్లలు నేల మీద పాకుతూ రొట్టె తునకలు ఏరుకుంటారనీ, వట్టి తిండిపోతులనీ ఆమె ఫిర్యాదు.

డాక్టరమ్మ ఆ గదిని మళ్ళీ ఒకసారి చూశారు. చేతితో పట్టుకోవడానికి ఆ గదిలో రొట్టె తునకలు తప్ప మరో వస్తువే లేదు. ఈ పిల్లల వేళ్ళు వెతుకుతున్నది తిండిని కాదు, పనిని అని ఆమెకు తట్టింది. వీళ్ళ అవసరం మందు కన్నా ఎక్కువగా చదువే అన్న నిర్ణయానికి ఆమె వచ్చారు. 1898లో టూరిన్ పట్టణంలో జరిగిన ఉపాధ్యాయుల మహాసభలో ఆ మాటే నిలబడి చెప్పారు.

చెప్పడం తేలిక, చేయడం ఎలాగ? ఆమె పాత పుస్తకాలు వెతికారు. ఫ్రాన్సులో వంద సంవత్సరాల క్రితం ఇటార్డ్ అనే వైద్యుడు, ఆవెరోన్ ప్రాంతపు అడవిలో దొరికిన ఒక మూగ బాలునికి కొన్నేళ్ళపాటు ఓపికగా చదువు చెప్పాడు. ఆ బాలుడికి మాట సరిగా రాలేదు గానీ, ఆ పాఠాలు వృథా కాలేదు. ఇటార్డ్ శిష్యుడు సెగ్విన్ వాటిని పెంచి, మానసిక ఎదుగుదల లేని పిల్లలకు పారిస్‌లో బడి నడిపాడు, 1846లో పెద్ద గ్రంథం రాశాడు. లోకం దాన్ని మరచిపోయింది. మాంటిస్సోరి ఆ ఇద్దరి రచనలను మొదటినుంచి చివరిదాకా తన చేతిరాతతో ఇటాలియన్ భాషలోకి రాసుకున్నారు. అచ్చు యంత్రం రాకముందు బెనెడిక్టు సభ సన్యాసులు గ్రంథాలు రాసినట్టు, ప్రతి మాటనూ తూచుకుంటూ రాశారు. సెగ్విన్ గ్రంథమే దాదాపు 600 పేజీలు. ఈ కాలంలో ఒక పుస్తకాన్ని అలా చదివేవాళ్ళు ఎంతమంది?

1900లో రోములో అటువంటి పిల్లల కోసం, వారికి బోధించే ఉపాధ్యాయుల శిక్షణ కోసం ఒక విద్యాలయం తెరిచారు. ఆమె, జుసెప్పె మాంతెసానో అనే మరో వైద్యుడు కలిసి దాన్ని నడిపారు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా పిల్లల మధ్యనే ఉండి ఆమె స్వయంగా పాఠాలు చెప్పేవారు.

ఒక పదకొండేళ్ళ అమ్మాయి సంగతి వినండి. చిరిగిన బట్ట మీద సూదిని ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనిచ్చి రఫ్ఫు చేయడం ఆ పిల్లకు ఎంత నేర్పినా రాలేదు. మాంటిస్సోరి విసుక్కోలేదు. సూదిని పక్కన పెట్టించి, కాగితపు పట్టీలతో చిన్న చాప అల్లే పని ఇచ్చారు. అందులోనూ పట్టీ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్ళాలి గదా! ఆ అల్లిక బాగా పట్టుబడ్డాక మళ్ళీ సూది చేతికిస్తే ఆ పిల్ల కుట్టింది. బిడ్డకు ఒక పని రాకపోతే, ఆ పనికి ముందు ఉండే మెట్టును వెతికి పట్టుకోవాలన్నమాట. నేటికీ ప్రత్యేక బోధన చేసే ఉపాధ్యాయులు ఆధారపడేది ఈ మెట్ల మీదనే. కొయ్యతో అక్షరాలు చేయించి, పిల్లల వేలితో వాటి మీద దిద్దించారు. మన తాతలు వీధిబడిలో ఇసుక మీద ఓనమాలు దిద్దినది గుర్తుకు రావడం లేదూ? కొంతకాలానికి ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలతోపాటు ప్రభుత్వ పాఠశాలల పరీక్ష రాసి చదవడంలో, రాయడంలో ఉత్తీర్ణులయ్యారు.

అందరూ అబ్బురపడ్డారు. ఆమె మాత్రం వేరే ఆలోచనలో పడ్డారు. ఈ పిల్లలు ఇంత చేయగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలు బడిలో ఇంత తక్కువలో ఎందుకు ఆగిపోతున్నారు?

ఆమె జీవితంలోని ఒక గాయాన్ని ఇక్కడ దాచకుండా చెప్పాలి. మాంతెసానో వల్ల ఆమెకు 1898లో మారియో అనే కొడుకు పుట్టాడు. వారికి వివాహం కాలేదు. బిడ్డను ఊరి బయట వేరే కుటుంబం దగ్గర పెంచారు. మాంతెసానో 1901లో మరొకరిని పెండ్లాడగా ఆమె ఆ బడిని విడిచి వెళ్ళారు. పరుల బిడ్డలను పగలంతా చూసుకున్న తల్లికి సొంత బిడ్డ దక్కింది పదిహేనేళ్ళ వయసులో.

1907 జనవరి 6న, అంటే ముగ్గురు రాజుల పండుగనాడు, రోములోని శాన్ లొరెంజో అనే పేదవాడలో ఆమె మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు అద్దె ఇళ్ళ మెట్లు, గోడలు పాడు చేస్తున్నారని ఇళ్ళ యాజమాన్యం ఆమెను పిలిచింది. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళలోపు వాళ్ళు యాభైమందికి పైగా చేరారు. పూర్వం ప్రత్యేక పిల్లలకు వాడిన సామగ్రినే వీరి ముందు పెట్టారు. కొయ్య అక్షరాలు చేసే పనివాడు దొరకక, వడ్రంగి వాడే ఉప్పు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి అట్టకు అంటించారు. ఒక మూడేళ్ళ పాప కొయ్య దిమ్మెలను వాటి గుంటల్లో అమర్చడం మొదలుపెట్టి, చుట్టూ పిల్లలు పాడుతున్నా తల ఎత్తకుండా నలభైకి పైగా సార్లు చేసింది. లోకమంతా పేరు మోగింది అక్కడినుంచే. పేరు మోగాక ఈ పద్ధతి మొదట ఎవరి కోసమో అందరూ మరచిపోయారు.

1939లో ఆమె మారియోతో కలిసి మద్రాసు వచ్చారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమలు మద్రాసు రాష్ట్రంలోనివే. అడయారులో నడిపిన మొదటి శిక్షణకు సుమారు 300 మంది వచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిషువారు మారియోను నిర్బంధించారు. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజుకు వైస్రాయి అతణ్ణి విడిచిపెట్టాడు. మేనల్లుడని లోకం చెప్పుకున్న అతణ్ణి ఆ ఉత్తర్వు ఆమె కొడుకుగానే పేర్కొంది. 1952 మే 6న ఆమె హాలెండులోని నూర్డ్‌వైక్‌లో కన్నుమూశారు. అక్కడి కతోలిక శ్మశానంలోనే సమాధి.

ఇక మీ ఇంటి సంగతి, లేదా మీ విచారణలో మీకు తెలిసిన ఇంటి సంగతి. మాట ఆలస్యమైతే తండ్రికీ అలాగే వచ్చిందిలే అని ఏళ్ళు గడుపుతాం. కొందరు సిగ్గుపడి బిడ్డను గుడికి కూడా తీసుకురారు. మెదడు అన్నిటికన్నా వేగంగా ఎదిగేది తొలి ఏళ్ళలోనే గనుక పోయిన ఆ ఏళ్ళు మళ్ళీ రావు. ఈనాడు ఏ పిచ్చాసుపత్రి గదికీ పోనక్కరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షిస్తారు. జిల్లా స్థాయిలో ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాలు, మండలాల్లో భవిత కేంద్రాలు ఏర్పాటయ్యాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: బిడ్డ మెడ నిలిపింది ఏ నెలలో, కూర్చున్నది ఎప్పుడు, మొదటి మాట ఏది, పిలిస్తే తిరిగి చూస్తాడా, చేతికి ఏది ఇస్తే ఎక్కువసేపు పట్టుకుని ఉంటాడు. అక్కడివారు మిమ్మల్ని మొదట అడిగేవి ఇలాంటివే.